పాత గేమ్ అమ్మకానికి అడ్డెవరు? ఒక చట్టవాక్యానికి ప్రతిపద వ్యాఖ్యానం

అవతారిక

మంగళగిరికి ఒకప్పుడు పానకాల స్వామి వల్లా, చేనేత చీరల వల్లా పేరు. ఇప్పుడు ఊళ్లో ఎయిమ్స్ ఉంది, పక్కనే వడ్డేశ్వరంలో కేఎల్ యూనివర్సిటీ, నీరుకొండలో ఎస్‌ఆర్‌ఎం ఉన్నాయి. హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు చాలామంది. వాళ్లలో ప్లేస్టేషన్ ఉన్నవాళ్లున్నారు, గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లున్నారు. ప్లేస్టేషన్ 5 వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీల కొత్త ఆట దాదాపు అయిదు వేల రూపాయలు పలుకుతోంది. నెల ఖర్చుకు ఇంటి మీద ఆధారపడే పిల్లవాడికి అది పెద్ద మొత్తమే. అందుకే ఒకడు సీడీ కొంటాడు, ఆడతాడు, అయిపోయాక తక్కువ ధరకు మరొకడికి ఇచ్చేస్తాడు. వచ్చిన డబ్బుకు కొంత కలిపి ఇంకో ఆట కొంటాడు. సీడీ ఉంటే ఇది సాగుతుంది. అదే ఆట డౌన్‌లోడ్ చేసుకుంటే మొదటివాడి దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకు ఆగిపోయింది, ఆపిందెవరు అని అడిగితే పెద్దలు చెప్పే జవాబు ఒకటే: చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం ఏమంటుందో పదం పదం విప్పి చూడడమే ఈ వ్యాఖ్యానం పని. మూలం కాపీరైట్ చట్టం, 1957లోని 14వ సెక్షన్. కంప్యూటర్ ప్రోగ్రామ్ విషయంలో హక్కుదారుకు మాత్రమే చెందే పనుల్లో ఒకదాన్ని అక్కడ చెప్పారు. తెలుగులో దాని సారం ఇది:

కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రతి దేనినైనా అమ్మడం, వ్యాపారరీతిన అద్దెకివ్వడం, అమ్ముతామని గాని అద్దెకిస్తామని గాని ముందుకు రావడం.

కంప్యూటర్ ప్రోగ్రామ్

మన చట్టం ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనల్లో చేర్చింది. కథ, నవల, నిఘంటువు ఉన్న వరుసలోనే గేమ్ కోడ్ కూడా ఉంటుంది. అయితే గేమ్‌లో కోడ్ ఒక్కటే ఉండదు. బొమ్మ కదులుతుంది, సంగీతం ఉంటుంది, పాత్రలు మాట్లాడతాయి. కాబట్టి దాన్ని సినిమాగా కూడా చూడవచ్చు. ఈ తేడా చిన్నదిగా కనిపించినా దీని మీద వ్యాపారాలే నిలిచాయి, పడ్డాయి. వార్నర్ బ్రదర్స్ వేసిన కేసును 2009లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. అమెరికాలో డబ్బిచ్చి కొన్న అసలైన డీవీడీలను ఇక్కడికి తెచ్చి అద్దెకిస్తున్న ఒక వ్యాపారి ప్రతివాది. అప్పటికి చట్టంలో సినిమాకు సంబంధించిన వాక్యం చివర ‘ఇంతకుముందు అమ్ముడైనా, అద్దెకు పోయినా సరే’ అనే అర్థమిచ్చే మాటలుండేవి. అంటే ఒకసారి అమ్మినా ఆ డీవీడీ మీద నిర్మాత పట్టు సడలదు. కోర్టు నిర్మాత వైపే తీర్పిచ్చింది.

సరిగ్గా ఇదే తగవు జపాన్‌లో ఆటల మీదే నడిచింది. పాత గేములు అమ్మే దుకాణాల మీద పెద్ద కంపెనీలు దావా వేశాయి. ఆట కూడా సినిమా లాంటిదే కాబట్టి దాని పంపిణీ హక్కు ఎప్పటికీ తమదే అని వాటి వాదన. 2002 ఏప్రిల్ 25న జపాన్ సుప్రీంకోర్టు ఆట సినిమా లాంటిదేనని ఒప్పుకుంది. అయినా మొదటి అమ్మకంతోనే ఆ ప్రతి మీద పంపిణీ హక్కు తీరిపోయిందని చెప్పి దుకాణాలను నిలబెట్టింది. జపాన్‌లో సెకండ్ హ్యాండ్ గేమ్ దుకాణాలు నేటికీ బతికున్నాయంటే వాటి వెనక ఈ తీర్పుంది. మన పార్లమెంటు కూడా 2012 సవరణతో సినిమా వాక్యం నుంచి ఆ చివరి మాటలు తీసేసింది. కాబట్టి గేమ్‌ను ప్రోగ్రామ్ అనండి, సినిమా అనండి, ఈ రోజు మన చట్టంలో ఫలితం ఇంచుమించు ఒకటే.

ప్రతి

ఈ వాక్యం బరువంతా ఈ పదం మీదే ఉంది. ఇక్కడ మన రాష్ట్రానికి నేరుగా సంబంధించిన కేసు ఒకటుంది.

సాఫ్ట్‌వేర్ మీద అమ్మకం పన్ను కట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌ను అడిగింది. రాష్ట్ర జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం ప్రకారం పన్ను పడేది సరుకు మీద. సాఫ్ట్‌వేర్ మేధాసంపత్తి, చేతికి తగలనిది, అది సరుకెలా అవుతుందని కంపెనీ వాదన. సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 నవంబరు 5న తీర్పు చెప్పింది. తయారుగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను డిస్క్ మీదకెక్కించి బజారులో పెట్టాక అది సరుకే. పుస్తకం కొనేవాడు కాగితం కోసం కొనడు, చిత్రం కొనేవాడు కాన్వాసు కోసం కొనడు. అయినా అవి సరుకులే కదా అని కోర్టు అడిగింది. సరుకు అనిపించుకోవడానికి ఉండవలసిన లక్షణాలనూ చెప్పింది: ఉపయోగపడాలి, కొనడానికీ అమ్మడానికీ వీలుండాలి, ఒకరి నుంచి ఒకరికి అందించడానికి, దాచుకోవడానికి, స్వాధీనంలో ఉంచుకోవడానికి వీలుండాలి.

పన్ను వసూలు కోసం రాసిన తీర్పే అయినా కొనుగోలుదారుకు దీనికన్నా మంచి ఆధారం దొరకదని నా అభిప్రాయం. చేతులు మారే గుణం ఉంది కాబట్టే దాన్ని సరుకన్నారు, సరుకు కాబట్టే ప్రభుత్వం పన్ను తీసుకుంది.

అయితే ఈ తీర్పు వచ్చిన 11 రోజులకు, 2004 నవంబరు 16న, వాల్వ్ కంపెనీ హాఫ్-లైఫ్ 2 అనే ఆటను విడుదల చేసింది. దుకాణంలో డిస్క్ కొన్నవాడు కూడా ఇంటికెళ్లి ఇంటర్నెట్ ద్వారా స్టీమ్ అనే సర్వీసులో ఖాతా తెరిచి, ఆటను ఆ ఖాతాకు ముడివేస్తే తప్ప ఆడలేడు. ముడిపడ్డాక ఆ డిస్క్ ఇంకొకరికిచ్చినా వాళ్లకు ఉపయోగం లేదు. ఢిల్లీలో సుప్రీంకోర్టు డిస్క్‌ను సరుకుగా తేల్చిన నెలలోనే, అమెరికాలో ఒక కంపెనీ ఆ డిస్క్‌లోని సరుకుతనాన్ని తీసి ఖాతాలో దాచింది.

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ సీడీలు ఇంకా ఆ దశకు పూర్తిగా చేరలేదు. ఇప్పుడు ప్లేస్టేషన్ 5లో సీడీ పెడితే జరిగేదేమిటో చూడండి. ముందు ఆట మొత్తం మిషన్ లోపలి మెమరీలోకి కాపీ అవుతుంది. దాని మీద కంపెనీ పంపే అప్‌డేట్లు నెట్ నుంచి దిగుతాయి. ఆ తర్వాత ఆట నడిచేది మెమరీ నుంచే. అయినా ఆడిన ప్రతిసారీ సీడీ లోపల ఉండాల్సిందే. ‘కొన్నవాడు వీడే’ అని రుజువు చూపడమే ఇక దాని పని. ఆ రుజువు చేతితో తీసి ఇంకొకరి చేతిలో పెట్టగలిగేది కాబట్టే సెకండ్ హ్యాండ్ వ్యాపారం నడుస్తోంది. నింటెండో 2025లో స్విచ్ 2తో తెచ్చిన ‘గేమ్-కీ కార్డు’ల్లో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆటను నెట్ నుంచి దించుకోవాలి. కార్డును మాత్రం అమ్ముకోవచ్చు. దించుకునే సర్వర్ ఉన్నంతకాలమే దానికి విలువ. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్ అసలు సీడీ పెట్టే చోటే లేకుండా 2020లోనే బజారుకొచ్చాయి. ఆ మిషన్లు కొన్నవాడికి పాత ఆట కొనే దారి పుట్టుకతోనే మూసుకుపోయింది.

అమ్మడం

హక్కుదారుకు అమ్మే హక్కుంది, నిజమే. ఎన్నిసార్లు? ఈ ప్రశ్నకు మన చట్టం ఒకప్పుడు ఒక జవాబిచ్చి, తర్వాత దాన్ని మార్చుకుంది. 1994 సవరణలో ప్రోగ్రామ్ వాక్యానికి కూడా సినిమా వాక్యానికున్న తోకే ఉండేది. ‘ఇంతకుముందు అమ్ముడైనా సరే’ హక్కు తయారీదారుదే. 1999లో పార్లమెంటు ఆ తోక తెంచేసింది. అవి ఉత్తినే కొట్టేసిన మాటలు కావని 2021 మార్చి 2న సుప్రీంకోర్టు ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో స్పష్టం చేసింది. అది కూడా పన్ను కేసే. మొదటి అమ్మకంతో ఆ ప్రతి మీద హక్కుదారు పంపిణీ అధికారం తీరిపోతుందనే సూత్రాన్ని చట్టం గుర్తించినట్టేనని ఆ సవరణకు అర్థం చెప్పింది.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. అమెరికాలో ఒక ప్రచురణకర్త నవల లోపల ఒక హెచ్చరిక అచ్చువేశాడు: దీన్ని డాలరు కన్నా తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే. మేసీస్ దుకాణం ఆ పుస్తకాన్ని 89 సెంట్లకు అమ్మింది. 1908లో అక్కడి సుప్రీంకోర్టు ఆ హెచ్చరిక చెల్లదంది. పుస్తకం ఒకసారి అమ్మాక దాని మీద నీ మాట చెల్లదని ప్రచురణకర్తకు చెప్పింది.

కాబట్టి ‘చట్టం ఒప్పుకోదు’ అనే జవాబు తప్పు. మంగళగిరి పిల్లవాడు తన దగ్గరున్న అసలైన గేమ్ సీడీని అమ్మితే మన కాపీరైట్ చట్టం అడ్డు రాదు. పైరసీ సీడీ సంగతి వేరు, దాన్ని ఎవరు ఎన్నోసారి అమ్మినా నేరమే. ఈ రెండింటినీ కలిపి ‘పాత సీడీల వ్యాపారం’ అని ఒకే గాటన కట్టడం కంపెనీలకు అనుకూలం, నిజాయితీగా కొన్నవాడికి అన్యాయం.

వ్యాపారరీతిన అద్దె

దీని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. గేమ్ సీడీలను అద్దెకిచ్చి డబ్బు చేసుకోవడం హక్కుదారు అనుమతి లేకుండా కుదరదు. లాభాపేక్ష లేని లైబ్రరీలు, విద్యాసంస్థలు చట్టబద్ధంగా కొన్న ప్రతిని లాభం చూసుకోకుండా ఇవ్వడం ఇందులోకి రాదని 2012 సవరణ చెప్పింది. స్నేహితుడికి వారం రోజులు ఊరికే ఇవ్వడం వ్యాపారం కాదు.

మూలం ఇక్కడికి అయిపోయింది. వ్యాఖ్యాతలు మూలంలో లేని మాటను అర్థం కుదరడానికి అధ్యాహారంగా తెచ్చుకుంటారు. అసలు అడ్డంకులున్నది అలాంటి రెండు మాటల్లోనే.

లైసెన్స్ (అధ్యాహారం)

ఆట మొదలుపెట్టేటప్పుడు స్క్రీన్ నిండా వచ్చే ఇంగ్లీషు షరతుల్లో, దాదాపు ప్రతి కంపెనీ చెప్పే సంగతి ఒకటుంది: మేము ఈ సాఫ్ట్‌వేర్‌ను నీకు అమ్మలేదు, వాడుకోవడానికి అనుమతి ఇచ్చాం, ఆ అనుమతిని నువ్వు ఇంకొకరికి బదిలీ చేయకూడదు. చదివేవాళ్లు తక్కువ. చదివినా ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కక తప్పదు. డబ్బు కట్టేసిన తర్వాత వచ్చే షరతు అది.

ఈ మాటకు కోర్టులు ఒకే విలువ ఇవ్వలేదు. 2010లో అమెరికాలో ఒక అప్పీలు కోర్టు ఆటోడెస్క్ కంపెనీ వైపు మొగ్గింది. లైసెన్స్ అని స్పష్టంగా రాసి, బదిలీ మీద గట్టి ఆంక్షలు పెడితే కొన్నవాడు యజమాని కాడంది. రెండేళ్లకు, 2012 జులై 3న, యూరప్ కోర్టు ఒరాకిల్ కేసులో వేరే దారి పట్టింది. డబ్బు తీసుకుని కాలపరిమితి లేకుండా ఇచ్చినదానికి ఏ పేరు పెట్టినా అది అమ్మకమే, డౌన్‌లోడ్ అయినా సరే అంది. నా మొగ్గు ఈ రెండో తీర్పు వైపు. దుకాణం బటన్ మీద ‘కొనండి’ అని రాసి, లోపలి కాగితంలో ‘ఇది కొనుగోలు కాదు’ అనడం న్యాయం కాదు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం కనీసం ఆ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలంటోంది. మన దగ్గర ఆ మాత్రం నిబంధన కూడా లేదు.

గుంటూరు, ప్రకాశం రైతులకు ఈ తరహా కట్టుబాటు పత్తి విత్తనంతో బాగా తెలుసు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతుకు గొప్ప హక్కే ఇచ్చింది. పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవచ్చు. కానీ బీటీ పత్తి హైబ్రిడ్. దాని గింజ దాచి మళ్లీ వేస్తే మొదటి పంటలా రాదు. చట్టం ఇచ్చిన హక్కు గింజలోనే నిలిచిపోతుంది, ఏటా ప్యాకెట్ కొనక తప్పదు. డౌన్‌లోడ్ ఆట కూడా అంతే. 1999లో పార్లమెంటు ఇచ్చినది ఖాతాలో నిలిచిపోతోంది. అయితే విత్తనం కథలో ఇంకో భాగముంది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2006లో మహికో-మోన్‌శాంటో రాయల్టీ మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఆ ఏడాదే ప్యాకెట్‌ను 750 రూపాయలకు దించింది. మరుసటి ఏడాది పత్తి విత్తనాల ధరల మీద ప్రత్యేక చట్టమే తెచ్చింది. లైసెన్స్ ఎంత గట్టిగా రాసుకున్నా ప్రభుత్వం తలచుకుంటే వంగుతుందని ఈ జిల్లాల్లోనే రుజువైంది.

ఖాతా (అధ్యాహారం)

లైసెన్స్ కాగితం మీది మాట, ఖాతా మిషన్‌లోని తాళం. జర్మనీ సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరిలో పైన చెప్పిన హాఫ్-లైఫ్ 2 ఆట మీద వచ్చిన కేసులోనే ఈ తేడాను తేల్చింది. డిస్క్ అమ్ముకునే హక్కు కొన్నవాడికుంది. ఖాతాను బదిలీ చేయనివ్వాలని మాత్రం కంపెనీని బలవంతం చేయలేమంది. డిస్క్ పనికిరాకుండా పోతుంది కదా అంటే, అది కాపీరైట్ చట్టం చూసుకోవలసిన విషయం కాదంది. ఫ్రాన్స్‌లో యూఎఫ్‌సీ-క్యూ షోజీర్ అనే వినియోగదారుల సంఘం తిరిగి అమ్ముకునే హక్కు కోసం వాల్వ్ మీద పోరాడి 2019లో పారిస్ కోర్టులో గెలిచింది. 2022లో అప్పీలులో ఓడింది. 2024లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా ఆ ఓటమినే ఖాయం చేసింది.

మా అన్నయ్య కొడుకు హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద ఆడతాడు. "బాబాయ్, రూమ్‌లో ఉన్నవాడు పీఎస్ సీడీ అమ్మేసి వేరేది తెచ్చుకున్నాడు. నా లైబ్రరీలో ముప్పై పైన ఉన్నాయి, ఒక్కటీ అమ్మలేను. ఐడీ మొత్తం ఇచ్చేద్దామంటే అదీ రూల్‌కి విరుద్ధమట" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఖాతాను అమ్మితే కంపెనీ దాన్ని మూసేయవచ్చు, లోపలున్న ఆటలన్నీ దానితోనే పోతాయి. ఆ తాళం పగలగొట్టడం ఇంకా ప్రమాదం. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు అని 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ చెబుతోంది. చట్టం ఒక చేత్తో హక్కిచ్చి, ఇంకో చేత్తో ఆ హక్కును బంధించే తాళానికి కాపలా పెట్టింది.

బాధ్యులు

పబ్లిషర్లతో మొదలుపెడదాం. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన స్పోర్ట్స్ ఆటలకు ‘ఆన్‌లైన్ పాస్’ పెట్టింది. కొత్త డబ్బాలో ఒకసారి మాత్రమే పనిచేసే కోడ్ ఉంటుంది. పాత సీడీ కొన్నవాడు ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఇంకో 10 డాలర్లు కట్టాలి. యూబీసాఫ్ట్, టీహెచ్‌క్యూ, సోనీ కూడా అదే బాట పట్టాయి. ఆటగాళ్ల కోపం చూసి 2013 మేలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ పద్ధతి మానుకుంది. పబ్లిషర్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. పాత సీడీ ఎన్ని చేతులు మారినా ఆట తయారుచేసినవాళ్లకు ఒక్క రూపాయి రాదు, లాభమంతా మధ్యలో కొని అమ్మే దుకాణానిదే. ఏళ్ల తరబడి పనిచేసిన చిన్న స్టూడియోకు అది నష్టమే. మరో వాదన కూడా తీసిపారేయలేం. భారత్‌లో తక్కువ ధరకు ఇచ్చే ఆటను ఇక్కడ కొని అమెరికాలో అమ్ముకునే వీలుంటే ఇక్కడి ధర కూడా పెంచేస్తారు. థాయ్‌లాండ్‌లో చవకగా కొన్న పాఠ్యపుస్తకాలను అమెరికాలో అమ్ముకోవచ్చని 2013లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు ప్రచురణకర్తలకు పట్టుకున్న భయం ఇదే. కానీ ఈ రెండు నష్టాలకూ దారులున్నాయి. తిరిగి అమ్మినప్పుడు తయారీదారుకు కొంత వాటా ఇవ్వవచ్చు, బదిలీని ఒకే దేశం లోపలికి పరిమితం చేయవచ్చు. ఖాతాల లెక్కలన్నీ కంపెనీ దగ్గరే ఉన్నప్పుడు ఇవి సీడీకన్నా సులువు.

అయినా ప్రధాన బాధ్యత పబ్లిషర్లది కాదు, వేదికలను నడిపే కంపెనీలది. దీనికి 2013 జూన్ కన్నా గట్టి సాక్ష్యం లేదు. ఆ నెల 6న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ నియమాలు ప్రకటించింది. 24 గంటలకోసారి మిషన్ నెట్‌కు కలవాలి. పాత ఆట అమ్మనివ్వాలా వద్దా అన్నది పబ్లిషర్ ఇష్టం. స్నేహితుడికి ఇవ్వాలంటే అతను 30 రోజులుగా జాబితాలో ఉన్నవాడై ఉండాలి, అదీ ఒక్కసారే. 10న సోనీ తన పీఎస్ 4లో పాత ఆటలకు అలాంటి ఆంక్షలు ఉండవంది. ఒకరు సీడీని ఇంకొకరి చేతిలో పెట్టడమే ఆట పంచుకునే పద్ధతి అని చిన్న వీడియో కూడా విడుదల చేసింది. 19వ తేదీకల్లా మైక్రోసాఫ్ట్ అన్ని నియమాలనూ వెనక్కి తీసుకుంది. ఈ మధ్యలో ఏ చట్టమూ మారలేదు, ఏ కోర్టూ ఆదేశించలేదు, పైరసీ తగ్గలేదు. 13 రోజుల్లో నియమం వచ్చింది, పోయింది. తీసేయగలిగిన అధికారం ఎవరి చేతిలో ఉందో, పెట్టిన బాధ్యత కూడా వాళ్లదే. సోనీకి కూడా ఇందులో మినహాయింపు లేదు. సీడీ మీద ఆ రోజు ఇచ్చిన మాట నిలబెట్టుకుంది గాని, దాని డౌన్‌లోడ్ స్టోర్‌లో కొన్న ఆట ఎక్స్‌బాక్స్ స్టోర్‌లో కొన్నదానిలాగే కదలదు.

మిగిలిన వాటా ప్రభుత్వానిది. పార్లమెంటు 1999లో, 2012లో సరైన పని చేసి, ఆట డిస్క్ నుంచి ఖాతాలోకి వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకుంది. పన్ను మాత్రం ఆగలేదు. డిస్క్‌ను సరుకని పన్ను వేశారు, ఇప్పుడు డౌన్‌లోడ్‌ను సేవ కింద లెక్కగట్టి జీఎస్టీ వేస్తున్నారు. సరుకు సేవగా మారినప్పుడు కొన్నవాడు పోగొట్టుకున్న హక్కు గురించి ఏ పన్ను చట్టమూ అడగలేదు.

కొన్నవాడికి చట్టంలో తెరిచి ఉన్న తలుపు ఒకటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అనేదాన్ని నిర్వచించింది. వినియోగదారుకు నష్టం కలిగించే అసమంజసమైన షరతు అందులోకి వస్తుంది. అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఉంది. బదిలీ కుదరదనే గేమ్ షరతును మంగళగిరి కుర్రాడు ప్రశ్నించాలంటే గుంటూరు వెళ్లి లాభం లేదు, విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. అక్కడ అతనికి పనికొచ్చే కాగితాలు మూడు: డబ్బు కట్టిన రసీదు, ‘కొనండి’ అని ఉన్న స్క్రీన్ ఫోటో, 2004 నవంబరు 5 నాటి తీర్పు.